రాత్రి గెంతిన కుందేలు తెల్లవారేసరికి ఎందుకు చనిపోయింది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ప్రొద్దుటూరు. మార్చి నెలాఖరులో మా పాప తొమ్మిదో పుట్టినరోజుకు కడపలోని ఒక దుకాణం నుంచి తెల్లని కుందేలు పిల్లను తెచ్చాము. వయసు నెల దాటిందని చెప్పారు. క్యారెట్, క్యాబేజీ, బిస్కెట్లు, అప్పుడప్పుడు బ్రెడ్డు పెట్టేవాళ్లం. అన్నీ ఇష్టంగా తినేది. పదహారో రోజు సాయంత్రం మాత్రం బిస్కెట్టును వాసన చూసి వదిలేసింది. తోక కింద జిగురుగా ఏదో అంటుకొని ఉంటే తడిగుడ్డతో తుడిచాను. రాత్రి వరండాలో రెండు మూడు గెంతులు కూడా వేసింది. తెల్లవారి ఐదున్నరకు చూస్తే ఒక పక్కకు వాలిపోయి, చల్లబడి ఉంది. ఎండదెబ్బ అని మావారు, దిష్టి తగిలిందని మా అత్తమ్మ అంటున్నారు. ముందురోజు తాను గట్టిగా హత్తుకున్నందువల్లే చనిపోయిందేమోనని పాప దుప్పటి కప్పుకొని ఏడుస్తోంది. అసలు కారణం ఏమై ఉంటుంది? పిల్లలకు ఏదైనా జబ్బు అంటుకుంటుందా? మళ్లీ ఇంకొక కుందేలును తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలకంటే ముందు దుప్పటి కింద ఏడుస్తున్న పాపకు జవాబు చెప్పాలి. పాప హత్తుకున్నందువల్ల ఆ కుందేలు చనిపోలేదు. కుందేలు వెన్నెముక నాజూకైనదన్న మాట నిజమే. పట్టుకున్నప్పుడు అది భయపడి వెనక కాళ్లతో బలంగా తన్నుకుంటే నడుము దగ్గర ఎముక విరగవచ్చు. కానీ అలా జరిగిన కుందేలు ఆ క్షణం నుంచే వెనక కాళ్లు ఈడ్చుకుంటుంది, గెంతలేదు. ఊపిరాడనంత గట్టిగా నొక్కితే ఆ ప్రమాదం చేతుల్లోనే తెలిసిపోతుంది. మీ కుందేలు ఆ రాత్రి కూడా గెంతిందని మీరే రాశారు. ఈ నాలుగు మాటలు డాక్టరే రాశాడని చెప్పి పాపకు చదివి వినిపించండి.

మీవారు ఎండదెబ్బ అన్నారని రాశారు. కడప జిల్లా ఏప్రిల్ ఎండలు ఎరిగినవారెవరికైనా ముందు వచ్చే అనుమానం అదే. కుందేలుకు మనలాగా చెమట పట్టదు. ఒంటి వేడిని ముఖ్యంగా చెవుల ద్వారానే బయటికి పంపుకుంటుంది. చుట్టూ వేడి 30 డిగ్రీలు దాటితే దానికి కష్టమే, మన దగ్గర 40 దాటడం మామూలు. అయితే వడదెబ్బ తగిలిన కుందేలు చెవులు ఎర్రబడి కాలిపోతుంటాయి, ముక్కు చుట్టూ తడిగా ఉంటుంది, అది సాగిలబడి గసపెడుతుంది, ఎక్కువగా మధ్యాహ్నమో సాయంత్రమో ప్రాణం మీదికి వస్తుంది. మీ కుందేలు రోజంతటిలో చల్లగా ఉండే వేళ పోయింది. ఎండకు ఇందులో పాత్రే లేదని అనను; వేడికి కుందేలు తిండి తగ్గిస్తుంది, తిండి తగ్గితే దాని పేగుల కదలిక మందగిస్తుంది. కానీ అసలు కారణం పొట్టలోనే ఉందని నా అభిప్రాయం.

మీ ఉత్తరంలో ‘జిగురుగా’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆరోగ్యంగా ఉన్న కుందేలు పెంటికలు శనగగింజంత గుండ్రంగా, పొడిగా ఉంటాయి. ఒకటి రెండు నెలల పిల్ల తిండి మాని, తోక కింద జిగురు కనిపించిందంటే పేగులు తీవ్రంగా దెబ్బతిన్నాయని అర్థం. తల్లిపాలు తాగినన్నాళ్లు ఆ పాలలోని పదార్థాలే చెడ్డ క్రిములు పొట్టలో పెరగకుండా కాపాడతాయి. పెద్ద కుందేలుకైతే కడుపులోని ఘాటైన ఆమ్లం ఆ పని చేస్తుంది. పాలు మానిన పిల్లకు ఆ పాలూ ఉండవు, ఆ ఆమ్లమూ ఇంకా పూర్తిగా తయారై ఉండదు. సరిగ్గా ఆ బలహీనమైన రోజుల్లోనే, అరచేతిలో పట్టే పిల్ల ముద్దుగా ఉంటుందని దాన్ని అమ్మకానికి పెడతారు. ఇది నన్ను ఎప్పుడూ బాధించే విషయం. ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుంచి వేరు చేసి అమ్మకూడదు.

అటువంటి పొట్టలోకి బిస్కెట్టు, బ్రెడ్డు వెళ్తే వాటిలోని పిండిపదార్థం పూర్తిగా అరగక, గడ్డిని పులియబెట్టుకోవడానికి కుందేలు పేగుల్లో ఉండే అంధనాళమనే పెద్ద సంచిలోకి చేరుతుంది. అక్కడ క్లాస్ట్రీడియం జాతి క్రిములు దాన్ని తిని పెరిగి విషాన్ని విడుదల చేస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే, కొన్నిసార్లు గంటల్లోనే ప్రాణం పోతుంది. మరొక అనుమానం కాక్సిడియోసిస్, అంటే కాక్సిడియా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే పేగుల జబ్బు. ఒకే పంజరంలో చాలా పిల్లలను కుక్కి ఉంచినచోట ఈ సూక్ష్మజీవి పెంటికల ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి వ్యాపిస్తుంది. పిల్ల దాన్ని కడుపులో పెట్టుకొనే మీ ఇంటికి వచ్చి ఉండవచ్చు. ఈ రెండూ కలిసి రావడమూ ఉంది. ఏది అన్నది శవపరీక్షతోనే తేలేది. మృతదేహాన్ని సంచిలో చుట్టి, గడ్డకట్టే అరలో కాకుండా ఫ్రిజ్‌లోని మామూలు అరలో ఉంచి, ఒక రోజులోపు తీసుకెళ్తే పశువైద్యులు పేగులు పరిశీలించి చెప్పగలిగేవారు; మీ ఊళ్లోనే పశువైద్య కళాశాల ఉంది. ఇప్పుడు ఆ అవకాశం దాటిపోయింది.

మరి రాత్రి గెంతిందే అని మీకు అనిపిస్తుంది. నక్కకూ గద్దకూ ఆహారమయ్యే జీవి నీరసాన్ని బయటపెడితే బతకదు కాబట్టి కుందేలు చివరి ఘడియ వరకూ జబ్బును దాచుకుంటుంది. దాచలేనిది ఒక్కటే, తిండి మానడం. పన్నెండు గంటలు తినని కుందేలును తెల్లవారనిద్దాం అనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అయితే జిగురు కనిపించిన ఆ సాయంత్రమే మీరు పరుగెత్తి ఉన్నా బతికేదని నేను అనలేను. ఆ దశకు వచ్చిన పిల్లలు చికిత్సకు లొంగడం అరుదు. మీరు ఇంట్లోని మందేదీ పోయకపోవడం మంచిదైంది. పిల్లల కోసం ఇళ్లలో ఉండే అమాక్సిసిలిన్ సిరప్ నోటి ద్వారా వేస్తే కుందేలు పేగుల్లోని మేలు చేసే క్రిములన్నీ చచ్చి, అదే ప్రాణం తీస్తుంది.

పాప ఆరోగ్యానికి భయం లేదు. కుందేళ్ల కాక్సిడియా మనుషులకు అంటుకోదు. పంజరం శుభ్రం చేశాక చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు.

ఇంకొకటి తేవచ్చు, కానీ ఈ ఎండాకాలం దాటనివ్వండి. పాత పంజరాన్ని ఫినాయిలుతో కడిగి సరిపెట్టవద్దు. కాక్సిడియా గుడ్లు దానికి చావవు. మరిగే నీళ్లు పోసి, కొన్ని రోజులు మిద్దె మీద ఎండలో పడెయ్యండి. ఈసారి మన ఎండే మీకు సాయం చేస్తుంది. రెండు నెలలు నిండిన పిల్లను, వీలైతే జంటగా తెచ్చుకోండి. అక్కడ ఏం తింటున్నదో అడిగి తెలుసుకొని, వారం పది రోజులు అదే పెడుతూ మెల్లగా మార్చండి. తిండిలో నూటికి ఎనభై పాళ్లు గడ్డే ఉండాలి. కడిగి ఆరబెట్టిన గరిక, ఎండుగడ్డి మంచివి. ఎదిగే పిల్లకు వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు మొక్క) కూడా మంచిదే, కానీ వానకు తడిసి నల్లబడినదో బూజు వాసన వచ్చేదో పొరపాటున కూడా పెట్టకండి. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని కుందేలు కాలేయం తట్టుకోలేదు. జొన్న కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకలను నాము (ఆ పిలకల్లో ఉండే విషం) భయంతో మన రైతులు పశువులకే వెయ్యరు, కుందేలుకూ వద్దు. క్యారెట్టు వేలి కణుపంత ముక్క చాలు. బిస్కెట్టు, బ్రెడ్డు, అన్నం అసలే వద్దు. వేసవిలో పగిలిన కుండను అడ్డంగా పడుకోబెట్టి పైన తడి గోనెపట్టా కప్పితే అది లోపల దూరి చల్లగా పడుకుంటుంది. పొలం దున్నేటప్పుడు దొరికిందని ఎవరైనా చెవులపిల్లి (అడవి కుందేలు) కూనను తెచ్చిస్తే మాత్రం తీసుకోకండి. అది వేరే జాతి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని పట్టి పెంచనివ్వదు.

కొత్త కుందేలు వచ్చాక పాపకు ఒక పని అప్పగించండి. రోజూ బడికి వెళ్లే ముందు పెంటికలు గుండ్రంగా, పొడిగా ఉన్నాయో లేదో, రాత్రి వేసిన గడ్డి ఎంత మిగిలిందో ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. ఆదివారం వంటింటి త్రాసు మీద పెట్టి బరువు చూడమనండి. పెంటికలు చిన్నవైనా, గడ్డి ముట్టకపోయినా పాపే మీకు ముందు చెబుతుంది, మీరు ఆ పూటే బయలుదేరవచ్చు.