టెక్ సందేహాలు: మేక రక్తకణాన్ని ఫోన్‌తో కొలవొచ్చా?

ప్రశ్న: పశువైద్యం చదువుతున్నాను. కుక్క, మేక, కోడి రక్తపు స్లైడ్లను మైక్రోస్కోప్ ఐపీస్‌కి ఫోన్ ఆనించి ఫొటోలు తీశాను. ఎర్రకణాల సైజు పోల్చడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందా?
– ఒక విద్యార్థిని, గన్నవరం

జవాబు: ఇమేజ్‌జె వాడండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో వేన్ రాస్‌బ్యాండ్ తయారుచేసిన ఉచిత ప్రోగ్రామ్ ఇది. అయితే ఫొటోలో ఉండేవి పిక్సెళ్లే. ఎన్ని పిక్సెళ్లు ఒక మైక్రానో మీరు చెప్పందే ఏ సాఫ్ట్‌వేరూ కొలవలేదు. అందుకు స్టేజ్ మైక్రోమీటర్ కావాలి. అది ఒక మిల్లీమీటరును వంద గీతలుగా విభజించిన గాజు స్లైడు, గీతకీ గీతకీ మధ్య 10 మైక్రాన్లు. మీ కాలేజీ ల్యాబులో అడగండి. అదే అబ్జెక్టివ్‌తో (స్లైడు వైపుండే లెన్స్), అదే ఫోన్‌తో, జూమ్ కదపకుండా దాన్నీ ఫొటో తీయండి. ఫోన్ తనంతట తాను లెన్స్ మార్చేస్తుంటే ఆ సెట్టింగ్ ఆపేయండి. ఇమేజ్‌జెలో ఆ పది మైక్రాన్ల మీద గీత గీసి, 'ఎనలైజ్' మెనూలోని 'సెట్ స్కేల్'లో 10 అని ఇచ్చి, అన్ని ఫొటోలకూ అదే స్కేలు వర్తించేలా 'గ్లోబల్' టిక్ పెట్టండి. ఆ దూరం 140 పిక్సెళ్లు వచ్చిందనుకోండి, మైక్రానుకు 14. అప్పుడు 98 పిక్సెళ్ల కణం 7 మైక్రాన్లు, 45 పిక్సెళ్లది దాదాపు 3.2.

ఇవి ఊరికే వేసిన అంకెలు కావు. కుక్క ఎర్రకణం వ్యాసం సుమారు 7 మైక్రాన్లు, మేకది 3 చిల్లర. పిల్లి, గుర్రం, ఆవు కణాలు ఐదున్నర, ఆరు దగ్గర, గొర్రెవి నాలుగున్నర దగ్గర ఉంటాయి. కోడి కణం కోలగా, సుమారు 12 పొడవు, 7 వెడల్పుతో ఉంటుంది. పైగా మధ్యలో కేంద్రకం. కోడికి వ్యాసం అంటూ ఒకే అంకె రాయకండి, 'ఫిట్ ఎలిప్స్' ఎంచుకుని రెండు కొలతలూ ఇవ్వండి.

చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. కుక్క కణం మధ్యభాగం పాలిపోయి ఉంటుంది కాబట్టి, కణాలను వెనకున్న ఖాళీ నుంచి వేరుచేసే 'థ్రెషోల్డ్' వేయగానే కణం గారెలా చిల్లుపడుతుంది. మేక కణాల్లో ఆ పాలిపోవడం దాదాపు కనిపించదు. అందుకే ముందు చిల్లులు పూడ్చే 'ఫిల్ హోల్స్', ఆ తర్వాతే అంటుకున్న కణాలను విడదీసే 'వాటర్‌షెడ్' నొక్కండి. వరస తప్పితే కుక్క కణాలే ముక్కలై, చిన్నవిగా లెక్కకొస్తాయి.

40 ఎక్స్ అబ్జెక్టివ్‌లో అర మైక్రాను అటూఇటూ అయితే కుక్క కణానికి తేడా ఏడు శాతం, మేక కణానికి పదిహేను. మేక స్లైడుకి 100 ఎక్స్ ఆయిల్ లెన్సే వాడండి. దానికి స్కేలు మళ్లీ కొలవాలి.

ఫొటోలు వాట్సాప్‌లో పంపుకుంటున్నారా? అది సైజు తగ్గించేస్తుంది, మీ స్కేలు తప్పిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రశ్న: మా మేక రక్తపరీక్ష రిపోర్టులో ఎర్రకణాలు బాగా తక్కువ, ప్లేట్‌లెట్లు విపరీతంగా ఎక్కువ. మేకకు నీరసమేమీ లేదు. మెషిన్ పాడైందా?
– మేకల పెంపకందారు, మహబూబ్‌నగర్

జవాబు: మెషిన్ పాడవకపోయినా ఇలా రావచ్చు. మేక రక్తాన్ని మనుషుల మోడ్‌లో పరీక్షించారేమో అడగండి. సన్నని రంధ్రంలోంచి కణం వెళ్లేటప్పుడు విద్యుత్ నిరోధం ఎంత పెరిగిందో చూసి చాలా మెషిన్లు దాని ఘనపరిమాణం లెక్కగడతాయి. వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంట్ పొందిన పద్ధతి ఇది. మనిషి ఎర్రకణం 80–100 ఫెమ్టోలీటర్లు (ఒక ఫెమ్టోలీటరంటే ఒక ఘన మైక్రాను), కుక్కది 60–77, మేకది 16–25. మనుషుల సెట్టింగులో అంత చిన్నవాటిని మెషిన్ ప్లేట్‌లెట్ల ఖాతాలో వేసేస్తుంది. దానికి తెలిసింది సైజొక్కటే. పిల్లి రక్తంలో ఇదే తికమక తిరగబడుతుంది, దాని ప్లేట్‌లెట్లు కొన్ని ఎర్రకణాలంత పెద్దవి.

మేక మోడ్ ఉంటే మళ్లీ చేయించండి. లేకపోతే స్లైడు చూసి, చేత్తో లెక్కించమని డాక్టరుగారిని అడగండి. ఆ రిపోర్టు చూసి మందు మొదలుపెట్టకండి.