ముందు అట్టపెట్టె చెయ్యరా, మోటార్ తర్వాత

ఒరేయ్ చిన్నా,

పాత బండిని ఎలక్ట్రిక్ చేస్తా, మోటార్ ఏది కొనాలి బాబాయ్ అని అడిగావు. నేనూ అక్కడే మొదలెట్టా, మోటార్ ఇంటికొచ్చి కూర్చున్నాక తెలిసింది బ్యాటరీ ఫ్రేమ్‌లో పట్టదని. అందుకే ఇప్పుడే ఏమీ కొనకు. ఇంజన్, సైలెన్సర్, ట్యాంక్ దించెయ్ (ట్యాంక్ ఖాళీ చేసినా లోపల పెట్రోల్ ఆవిరి ఉంటుంది, దాని దగ్గర గ్రైండర్ పెట్టకు), మిగిలిన ఖాళీలో అట్టముక్కలు కోసి పెట్టెలా అతికించి కూర్చోబెట్టు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడు, సీటు మీద కూర్చుని గట్టిగా అదిమి చూడు, చైన్‌కి, చక్రానికి ఎక్కడా తగలకూడదు. నీ బండి ఎంత దూరం పోతుందో తేల్చేది మోటార్ కాదు, ఆ పెట్టె సైజు, బ్యాటరీ పట్టాల్సింది అందులోనే.

బ్యాటరీ సెల్స్ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) తీసుకో, కాస్త బరువెక్కువ, చోటెక్కువ తింటాయి గానీ వేడికి తొందరగా అంటుకునే రకం కాదు, ఇంట్లో చేసుకునేవాడికి అదే మంచిది. ఒక్కోటి 3.2 వోల్టులు, 24 వరసగా కలిపితే 76.8, 40 యాంప్ అవర్‌వి అయితే సుమారు 3 యూనిట్ల కరెంటు పడుతుంది. చిన్న బండి నింపాదిగా పోతే కిలోమీటరుకి 30 నుంచి 40 వాట్ అవర్లు తాగుతుంది, ఐదో వంతు మిగిల్చుకుంటే 60, 70 కిలోమీటర్లు లెక్కేసుకో. స్పీడు పెంచావంటే గాలి మొత్తం తినేస్తుంది, ఆ లెక్క మర్చిపో.

ఇక్కడే చాలామంది కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటార్‌కి కరెంటు కొలిచి వదిలే పెట్టె) కాల్చుకుంటారు. అవే 24 సెల్స్ ఫుల్ చార్జిలో 87.6 వోల్టులు అవుతాయి, కంట్రోలర్ మీద 72 అని రాసుంటే సరిపోదు, గరిష్ఠంగా ఎంత తట్టుకుంటుందో చూసి కొను. బీఎంఎస్ (ఒక్కో సెల్‌ని కనిపెట్టుకుని కాపాడే బోర్డు) లేకుండా ప్యాక్ కట్టకు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు లోపే ఉండాలి, అదీ డీసీకి పనికొచ్చేది, అంత వోల్టేజి తట్టుకునేది, ఏసీ ఫ్యూజు ఎగిరిపోయినా లోపల నిప్పు సాగుతూనే ఉండొచ్చు.

కంట్రోలర్‌లో కరెంటు నింపుకునే కెపాసిటర్లు మొదట ఖాళీగా ఉంటాయి, బ్యాటరీ నేరుగా తగిలిస్తే ఠప్పుమని మెరుస్తుంది, కనెక్టర్ మాడుతుంది. ముందు ఒక రెసిస్టర్ ద్వారా రెండు మూడు సెకన్లు నింపి అప్పుడు మెయిన్ కలుపు. ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టి పని చెయ్. నా 10 నంబర్ స్పానర్ రెండు టెర్మినళ్ళ మీద పడి అతుక్కుపోయింది, ఆ రోజు నుంచి స్పానర్లకి పిడి మొత్తం టేపు చుట్టి వాడుతున్నా.

చక్రంలో ఉండే హబ్ మోటార్ సులువే, కానీ బరువంతా చక్రంలో ఉండి గుంతల్లో దభేల్మంటుంది, పైగా యాక్సిల్ తిరిగిపోకుండా టార్క్ ఆర్మ్ (యాక్సిల్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ఇనప పట్టీ) గట్టిగా బిగించాలి. నాకైతే ఇంజన్ చోట మోటార్ పెట్టి పాత చైనే వాడటం ఇష్టం, చిన్న బండికి 3 కిలోవాట్లు చాలు. లైట్లకి బ్యాటరీ వోల్టేజిని 12 వోల్టులకి దించే కన్వర్టర్ వేరే పెట్టాలి.

మొదటిసారి సెంటర్ స్టాండ్ మీదే, వెనక చక్రం గాల్లో ఉంచి తిప్పు. బ్రేక్ నొక్కగానే మోటార్ ఆగే స్విచ్ పెట్టు, ఇంజన్ పట్టు ఇక ఉండదు కదా, బ్రేక్ షూలు కొత్తవి వెయ్. కీ ఆన్‌లో ఉంటే బండి చప్పుడు చెయ్యకుండా సిద్ధంగా ఉంటుంది, పక్కన పిల్లలు థ్రాటిల్ తిప్పితే దూకేస్తుంది, తోసుకెళ్ళేటప్పుడు కూడా కీ తీసెయ్. ఆర్‌సీ కాగితాల్లో మార్పు, ఇన్సూరెన్స్ సంగతి ఇంజన్ దించకముందే కనుక్కో.

అట్టపెట్టె కొలతలు, ఫోటోలు పంపు, అప్పుడు మోటార్ గురించి మాట్లాడదాం.

బాబాయ్