వింటే నిద్ర పట్టదు, మానేస్తే మనసొప్పదు

ప్రశ్న: మాది కంచరపాలెం. 2023 జూన్ 2న ఒడిశాలో బహానగా బజార్ దగ్గర కోరమండల్ ప్రమాదం జరిగింది కదా, ఆ రాత్రి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. మావాళ్ళెవరూ ఆ రైల్లో లేరు. పక్క వాటాలో కుర్రాడు మాత్రం అందులోనే వస్తూ చిన్న దెబ్బలతో బయటపడ్డాడు, ఒకరోజు మా వరండాలో కూర్చుని జరిగిందంతా చెప్పాడు. అప్పటి నుంచి బతికి బయటపడ్డవాళ్ళ వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ ఏ రెండింటికో పడుకుంటున్నాను. రైలు కూత వింటే గుండె దడ. మా ఆయన "మనకేమైందని ఏడుపు" అని విసుక్కుంటున్నారు. మానేద్దామంటే, వాళ్ళు అంత అనుభవించారు, నేను వినడానికి కూడా ఓర్చుకోలేనా అనిపిస్తోంది. ఏం చేయను?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ ఆయన మాట సంగతి. బహానగాలో శవాలను అక్కడి హైస్కూల్లో ఉంచారు. తర్వాత ఆ గదుల్లోకి వెళ్ళడానికి పిల్లలు భయపడితే, మీకేమైందని ఎవరూ గదమాయించలేదు, కొద్ది రోజులకే ఆ భవనాన్నే కూల్చారు. 290 మందికి పైగా పోయిన ప్రమాదం ఇది, పైగా కోరమండల్ రోజూ మన ఊరి మీదుగా వెళ్ళే బండి. మీకు ఏడుపు రావడంలో వింతేమీ లేదు.

కానీ ఆ వీడియోలు వేరే సంగతి. 2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాక అక్కడి పరిశోధకులు జనాన్ని అడిగి చూశారు. తర్వాతి వారంలో రోజుకు 6 గంటలు, ఆపైన ఆ వార్తలే చూసినవాళ్ళలో, పేలుళ్ళ చోట ఉన్నవాళ్ళకంటే కూడా ఎక్కువ ఒత్తిడి కనిపించిందట.

హుద్‌హుద్ తుఫాను గుర్తుందా? 2014 అక్టోబర్ 12. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందెలతో నిలబడి ఎవరి ఇంటి రేకులు ఎగిరిపోయాయో, ఎవరు మంచం కింద దూరి గాలి తగ్గేదాకా దేవుణ్ణి తలుచుకున్నారో చెప్పుకునేవాళ్ళం, విన్నదీ తక్కువేం కాదు. అయినా ట్యాంకర్ రాగానే ఆ మాట అక్కడ ఆగేది, చేతికి పని దొరికేది, చెప్పిన మనిషి మర్నాడు మళ్ళీ కనిపించి నవ్వేది. ఫోన్‌లో ఏడ్చినావిడ తర్వాత ఎలా ఉందో మీకు తెలియదు, ఆమెకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేరు, ఈలోగా ఇంకొకరి ఏడుపు మొదలవుతుంది. మిమ్మల్ని నలిపేస్తున్నది అదే అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

కాబట్టి రాత్రి ఆ వీడియోలు వద్దు. తెలుసుకోవాలనిపిస్తే పొద్దున పేపర్లో ఒకరి కథ చదవండి, చదివేటప్పుడు ఎక్కడ ఆపాలో మీ చేతిలో ఉంటుంది. ఆ రాత్రి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే ముందుగా బోగీల్లోంచి మనుషుల్ని బయటికి తీశారు, కుర్రాళ్ళు రక్తం ఇవ్వడానికి ఆసుపత్రుల ముందు క్యూ కట్టారు. మీ ఒంట్లో బాగుంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) బ్లడ్ బ్యాంకుకు వెళ్ళి రక్తం ఇచ్చి రండి. నిజంగా చెప్తున్నాను, పది వీడియోలు చూసినదానికంటే మనసు కుదుటపడుతుంది.

మీరు వినాల్సిన మనిషి పక్క వాటాలోనే ఉన్నాడు. ఎలా జరిగిందని మళ్ళీ మళ్ళీ అడగకండి, వచ్చిన చుట్టాలకు చెప్పమని అసలు కూర్చోబెట్టకండి. వస్తే టీ ఇవ్వండి. ప్రమాదం గురించి చెప్తే వినండి, క్రికెట్ గురించి చెప్పినా అంతే శ్రద్ధగా వినండి.

కొన్ని వారాలైనా నిద్ర పట్టకపోయినా, కూతకి దడ తగ్గకపోయినా మానసిక ఇబ్బందుల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. నేరుగా చూపించుకోవాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ పెట్టుకోకండి. ఆ అబ్బాయికి కూడా ఇది అవసరం కావచ్చు. నేరుగా వెళ్ళమంటే నాకేం పిచ్చా అనొచ్చు, అందుకే ముందు మీరు ఫోన్ చేసి, ఏమడిగారో ఎలా మాట్లాడారో వరండాలో కూర్చుని అతనికి చెప్పండి.