రేటింగ్ పడిపోయింది... కోడింగ్ మానేయాలా?

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో ఉంటాను. రెండేళ్లుగా కోడింగ్ పోటీల వెబ్‌సైట్ కోడ్‌ఫోర్సెస్‌లో కాంటెస్టులు రాస్తున్నాను. 1540 దాకా వెళ్లిన రేటింగ్ 1370కి పడిపోయింది. స్పెషలిస్ట్ హోదా పోయి మళ్లీ దాని కింది మెట్టు ప్యూపిల్ అయ్యాను. మూడు నెలలుగా లాప్‌టాప్ తెరవాలంటేనే చిరాకు. ప్రాజెక్టులు చేసిన రూమ్మేట్‌కి ఇంటర్న్‌షిప్ వచ్చింది. ‘రాత్రిళ్లు మేలుకుని ఆడిన ఆ పోటీలతో ఉద్యోగం వస్తుందా?’ అని నాన్న అడుగుతున్నారు. మానేయమంటారా?

జవాబు: మీరు రాసినదాంట్లో రేటింగ్ ఉంది, హోదా ఉంది. ఏ ప్రాబ్లం మీకు నిద్ర పట్టనివ్వలేదో, ఏది సాల్వ్ అయినప్పుడు ఎగిరి గంతేశారో మాత్రం లేదు. మొదట్లో మిమ్మల్ని కూర్చోబెట్టింది ఆ సంతోషమే అయి ఉంటుంది. అది ఎప్పుడో అంకెల కింద పడి నలిగిపోయిందని నాకనిపిస్తోంది.

రేటింగ్ అంటే మీకొచ్చిన విద్యకు వేసిన మార్కులు కావు. చదరంగంలో వాడే ఈలో పద్ధతిలాంటిదే ఇదీ. మీకు ఎన్నో స్థానం రావాలో ముందే లెక్కగడుతుంది, అంతకంటే వెనకబడితే పాయింట్లు కోస్తుంది. మీరు పోయిన నెలకంటే బాగా రాసినా, మిగతావాళ్లు ఇంకా బాగా రాస్తే పడిపోతుంది. దీనికితోడు ఏఐతో జవాబులు రాయించుకునేవాళ్లు తయారయ్యారు. 2024లో కోడ్‌ఫోర్సెస్ దానిమీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. పోయింది 170 పాయింట్లు. మీరు నేర్చుకున్న బైనరీ సెర్చ్, గ్రాఫులు, డీపీ (డైనమిక్ ప్రోగ్రామింగ్) లాంటి పద్ధతులు మీ దగ్గరే ఉన్నాయి.

ఇక ఉద్యోగం. చాలా ప్రొడక్ట్ కంపెనీలు క్యాంపస్‌లో ముందు పెట్టేది ఆన్‌లైన్ కోడింగ్ టెస్టే. గంట, గంటన్నరలో రెండు మూడు ప్రాబ్లంలు. 1500 దాకా వెళ్లిన చేతికి వాటిలో చాలావరకు అందుతాయి. అందువల్ల మీ రాత్రిళ్లు వృథా కాలేదు. కానీ అక్కడి నుంచి 2100 దాటి మాస్టర్ కావాలంటే పడాల్సిన కష్టం వేరు, ఆ విద్య ఉద్యోగంలో అరుదుగా అక్కరకొస్తుంది. ఇష్టముంటే వెళ్లండి, ఉద్యోగం కోసమైతే అవసరం లేదు. పోటీలో రాసిన కోడ్ రెండు గంటలు పనిచేస్తే చాలు. ఆఫీసులో రాసింది ఏళ్ల తరబడి పదిమంది చదివి మార్చాలి. అది ప్రాజెక్టుతోనే వస్తుంది. రూమ్మేట్‌ని అడిగి ఒకటి కలిసి మొదలుపెట్టండి. బదులుగా అతనికి మీరు డీపీ చెప్పండి.

ఒక నెల రేటెడ్ కాంటెస్టులు ఆపేయండి. మీ స్థాయి రేటింగ్ వాళ్లకు పెట్టే పాత డివ్ 2 కాంటెస్టుల్లో మీరు వదిలేసిన ప్రాబ్లంలు రోజుకొకటి తీయండి. నలభై నిమిషాలు గింజుకోండి. రాకపోతే ఎడిటోరియల్ (కాంటెస్టు తర్వాత ఇచ్చే జవాబుల వివరణ) చదివి, మూసేసి, సొంతంగా రాయండి. ఒంటరిగా రాయడం కూడా మిమ్మల్ని అలసగొట్టి ఉండొచ్చు. కాలేజీ జట్ల ప్రోగ్రామింగ్ పోటీ ఐసీపీసీలో ముగ్గురికీ ఒకటే కంప్యూటర్, ఐదు గంటలు. కాలేజీలో ఇద్దరిని వెతుక్కుని అలా కూర్చుని చూడండి. నెల తర్వాతా మనసు రాకపోతే నిశ్చింతగా వదిలేయండి. చిరాకు కోడింగ్ దగ్గర ఆగకుండా తిండికీ నిద్రకీ పాకితే మాత్రం ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాన్నగారి మాటలో కోపంకన్నా భయం ఎక్కువుంది. రేటింగ్ గురించి ఆయనకు చెప్పకండి. కంపెనీలు పెట్టే టెస్టు ఎలా ఉంటుందో, దానికి మీరు ఎంతవరకు సిద్ధమయ్యారో, నాలుగో ఏడాది సెలక్షన్లలోపు ఇంకా ఏం చదవాలో ఈ ఆదివారం ఫోన్లో చెప్పండి.