ముందు ఆర్సీ మీ పేరు మీదకి రానివ్వండి, రంగుల సంగతి తర్వాత

ప్రశ్న: మాది హిందూపురం. ఉద్యోగం బెంగళూరులో, వైట్‌ఫీల్డ్‌లో ఉంటాను. మా వీధిలో ఒక పెద్దాయన 2005లో కొన్న టాటా సఫారీ ఉంది. డీజిల్, తెల్ల రంగు, ఏపీ 02 నంబరు. షెడ్డులో కవరు కప్పి ఉంచారు, ఎక్కడా తుప్పు లేదు. ఆయన పోయి రెండేళ్ళయింది. వాళ్ళ అబ్బాయి అమ్ముతానంటున్నాడు. "నాన్న సంతకాలు పెట్టిన ఫారాలు ఉన్నాయి, ఏం ఇబ్బంది ఉండదు" అంటున్నాడు. ఆ అబ్బాయి చెల్లెలు అమెరికాలో ఉంటుంది. ఆర్సీ గడువు 2025 మార్చితో అయిపోయింది. చిన్నప్పుడు చూసిన డైనోసార్ల సినిమాలో పార్కు చూపించడానికి తిప్పే కారంటే నాకు ప్రాణం. ఈ సఫారీని అచ్చం అలాగే చేయించాలని ఉంది: ఒళ్ళంతా ఆకుపచ్చ, పసుపు పట్టీలు, ఎర్ర గీతలు, తలుపుల మీద సినిమా గుర్తు, ముందు ఇనుప గార్డు, దాని మీద లైట్లు, పైకప్పు కోసి గ్లాసు డోము. ఖర్చు కొంతైనా రావడానికి శని, ఆదివారాలు పుట్టినరోజులకీ పెళ్ళి ఫొటో షూట్లకీ అద్దెకి ఇద్దామనుకుంటున్నాను. చట్టం ఒప్పుకుంటుందా?

జవాబు: పైకప్పు మాత్రం కోయించకండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే రంగు నచ్చకపోతే మళ్ళీ తెల్ల రంగు వేయించుకోవచ్చు గానీ కోసిన రేకుని ఎవరూ వెనక్కి తేలేరు.

కానీ మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది పైకప్పు కాదు, "నాన్న సంతకాలు పెట్టిన ఫారాలు ఉన్నాయి" అన్న మాట. పాత బళ్ళ బేరాల్లో ఈ మాట చాలాసార్లు వింటాను, చెప్పేవాళ్ళలో చాలామంది మంచివాళ్ళే, మోసం చెయ్యాలని కాదు, పని త్వరగా అవుతుందని అంటారు. అయితే ఆ ఫారాలు అంటే 29, 30 నంబర్లవి, బండి అమ్మేవాడు కొనేవాడికి బదిలీ చేస్తున్నానని చెప్పేవి. రెండేళ్ళ కిందట పోయిన మనిషి ఈ నెలలో మీకు బండి అమ్మినట్టు తేదీ వేస్తే అది దొంగ పత్రమే అవుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 336 అలాంటి పత్రం తయారుచేసినవాళ్ళకి, సెక్షన్ 340 అది దొంగదని తెలిసీ నిజమైనదిగా వాడినవాళ్ళకి. ఆ వాడినవాళ్ళు మీరవుతారు. ఆయన పోయిన సంగతి మీకు తెలుసు, నాకు రాసి మరీ ఒప్పుకున్నారు, కాబట్టి తర్వాత తెలియదనడానికి వీల్లేదు.

సరైన దారి అంత కష్టమైనదేం కాదు, కొంచెం నిదానంగా నడుస్తుంది, అంతే. యజమాని చనిపోతే వారసుడి పేరు మీదకి మార్చడానికి ఫారం 31 అని వేరే ఉంది. మరణించిన 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకి తెలియజేయాలి, మూడు నెలల్లో బదిలీకి దరఖాస్తు పెట్టాలి. వాళ్ళు రెండూ చెయ్యలేదు కాబట్టి ఆలస్యానికి ఎంతో కొంత కట్టాల్సి వస్తుంది, అది వాళ్ళ ఖర్చని బేరంలోనే తేల్చుకోండి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల సమ్మతి కావాలి. ఇక్కడ అమెరికా చెల్లెలు ముఖ్యం. వీలునామా రాయకుండా పోయిన హిందువు ఆస్తి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ, తల్లి బతికుంటే ఆమెకీ సమానంగా వస్తుంది, కారు కూడా ఆస్తే. అంటే అబ్బాయి ఒక్కడే అమ్మడానికి ఆ బండి పూర్తిగా ఆయనది కాదు. చెల్లెలు అక్కడ భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి ఒక సమ్మతి పత్రం పంపితే చాలు. వాళ్ళమ్మగారు ఉంటే ఆవిడ సంతకం కూడా అడగండి, చాలా ఇళ్ళల్లో అమ్మని అడగడమే మర్చిపోతారు.

బండి ముందు అబ్బాయి పేరు మీదకి వచ్చి, అక్కడి నుంచి మీకు రావాలి. ఈ లోపు "తెలిసినవాళ్ళే కదా" అని తాళాలు తీసుకుని తిప్పితే ఏమవుతుందంటే, దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే నోటీసు ఆర్సీలో పేరున్నవాళ్ళకే వెళ్తుంది. చేతులు మారుతూ పోయిన ఒక కారు కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది: ఎన్ని చేతులు మారినా రిజిస్టర్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్ళదే. మీ విషయంలో ఆ పేరు ఇప్పుడు లేని మనిషిది, కాబట్టి బరువు ఆ కుటుంబం మీద పడుతుంది, వాళ్ళు మీ మీదకి వస్తారు, మీ వీధిలో సంబంధాలు పాడవుతాయి.

ఇక గడువు సంగతి. కొత్త బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకి, ఆ తర్వాత తనిఖీ చేసి అయిదేళ్ళ చొప్పున పొడిగిస్తారు. మీరు చూసిన బండికి ఒక పొడిగింపు అయిపోయి రెండోది చేయించలేదు. ఇలా గడువు దాటిన బండిని రోడ్డు మీదకి తెస్తే రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క, అందుకని హిందూపురం నుంచి వంద కిలోమీటర్లే కదా, దొడ్డబళ్ళాపురం మీదుగా రాత్రిపూట తోలుకొచ్చేద్దాం అనుకోకండి. పొడిగింపు ఫారం 25లో, అక్కడే చేయించండి. 2025 ఆగస్టులో కేంద్రం ఫీజులు పెంచింది, 20 ఏళ్ళు దాటిన కారుకి 10,000 రూపాయలు, ఇంకా ఆలస్యానికి నెలకి 500 చొప్పున. ఇవి పెద్ద మొత్తాలు కావు. తనిఖీలో బండి ఉన్నది ఉన్నట్టు నెగ్గుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న, అది తెల్ల రంగులో, కంపెనీ నుంచి వచ్చినట్టు ఉన్నప్పుడే తేలిపోవాలి. ముందే రంగులు వేయించి, గార్డులు బిగించి తీసుకెళ్తే ఇన్స్పెక్టర్ ఆర్సీని బండితో పోల్చి చూసి వెనక్కి పంపుతాడు, అప్పుడు పెట్టిన ఖర్చంతా వృథా.

పొడిగింపు అయ్యాక కర్ణాటకకి నిరభ్యంతర పత్రం, ఫారం 28 తీసుకోండి. 2005లో బండి లోను మీద కొని ఉంటే ఆర్సీలో ఆ ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా ఉందేమో చూడండి, అప్పు ఎప్పుడో తీరినా ఫారం 35 ఇచ్చి కొట్టేయించకపోతే ఆ పత్రం రాదు. పాత చలానాలు కూడా అప్పుడే బయటపడతాయి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకుని, ఆర్సీలో అంకెలతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి. వైట్‌ఫీల్డ్ వాళ్ళకి కేఆర్ పురం ఆఫీసు, కేఏ 53 నంబరు వస్తుంది. కర్ణాటకలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి, పాత బండికి వయసుని బట్టి తగ్గుతుంది. ఊరి అడ్రసుతో ఏపీ నంబరే ఉంచుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 చెబుతుంది, మీరు ఉండేది, బండి ఉండబోయేది బెంగళూరులో కాబట్టి మొదటే చేయించుకుంటే రోడ్డు మీద ఆపినప్పుడు టెన్షన్ ఉండదు. పాత డీజిల్ బళ్ళు నిషేధమని మీ స్నేహితులు చెప్పి ఉంటారు, అది ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతం గొడవ, బెంగళూరులో అలాంటిది లేదు.

ఇప్పుడు మీ కల దగ్గరికి వద్దాం. మోటారు వాహనాల చట్టంలోనే సెక్షన్ 52 చెప్పేది ఒకటే: కంపెనీ బండి తయారుచేసినప్పుడు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదు. గ్యారేజీల్లో పెద్దవాళ్ళు "ఆర్టీవో పర్మిషన్ తీసుకుంటే చాలు, మేం ఎన్నో కోశాం" అంటే వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, 2000లో ఈ సెక్షన్ మార్చక ముందు పద్ధతి అలాగే ఉండేది. ఇప్పుడు లేదు. కేరళ నుంచి వెళ్ళిన కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది, అదే తీర్పులో రంగు మార్చుకోవడం, చిన్న చిన్న బిగింపులు మాత్రం తప్పు కాదంది. మీ బండి భవిష్యత్తు అంతా ఆ ఒక్క తేడా మీద ఉంది. బాడీ మీద పూసేదీ అతికించేదీ ఒక రకం, బాడీనే మార్చేది ఇంకో రకం. పైకప్పు బండికి ఎముక లాంటిది, బోల్తా పడితే లోపల ఉన్నవాళ్ళని కాపాడేది అదే, కాబట్టి ఈ విషయంలో చట్టాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

శిక్ష సెక్షన్ 182ఏలో ఉంది: ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకీ అన్న మాట గమనించండి, డోము ఒకటి, గార్డు ఒకటి, లైట్లు ఒకటి అని లెక్కేస్తే 15,000. దీనికి తోడు రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేసే అధికారం కూడా ఆర్టీవోకి ఉంది, నాకైతే జరిమానా కన్నా అదే ఎక్కువ భయం.

రంగు వేయించుకోండి, హాయిగా వేయించుకోండి. ఒళ్ళంతా మారుతోంది కాబట్టి ఆర్సీలో "తెలుపు" అన్న చోట కొత్త రంగు ఎక్కించాలి, దానికి కేఆర్ పురంలోనే దరఖాస్తు. ఒక్క జాగ్రత్త, పెయింటరుకి ఛాయ చూపించేటప్పుడు అది మిలిటరీ బళ్ళ ఆలివ్ గ్రీన్ వైపు పోకుండా చూసుకోండి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వది ఆ రంగు రక్షణ శాఖ బళ్ళకి తప్ప ఎవరికీ వద్దంటుంది, దుమ్ము పట్టిన అడవి బండిలా కనిపించాలని ఆ ఛాయ వేయించుకుని ఇబ్బంది పడేవాళ్ళు ఉన్నారు. సినిమా కారులోని ఆకుపచ్చ దానికన్నా బాగా వెలుగుగా ఉంటుంది కాబట్టి మీకు చిక్కు రాదు. పట్టీలు, గీతలు వినైల్ స్టిక్కరుతో చేయిస్తే ఇంకా మంచిది.

ముందు గార్డు వద్దు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ అన్ని రాష్ట్రాలకీ లేఖ రాసి వీటిని ఆపమంది, గుద్దినప్పుడు ఎదుటి మనిషికి ప్రాణాంతకం, మన బండిలో ఎయిర్‌బ్యాగులున్నా వాటి పనికి అడ్డం. జేసీ రోడ్‌లో ఏ దుకాణానికి వెళ్ళినా ఇప్పటికీ దొరుకుతాయి, దొరికినంత మాత్రాన చట్టం ఒప్పుకున్నట్టు కాదు. ముందు వైపు సెర్చి లైట్లకి నియమం 111 అడ్డు. అద్దాలకి నల్ల ఫిల్ము వద్దు. సినిమాలోని నంబరు ప్లేటు మీ ప్లేటు మీద అతికించడం అసలే వద్దు, ఫొటో కోసం అయినా సరే రోడ్డు మీద వద్దు.

డోము లేకపోతే ఆ కారులా అనిపించదని మీరు బాధపడతారని తెలుసు. పైకప్పు మీద నల్లటి గ్లాసు మెరుపున్న వినైల్ వేయిస్తే దూరం నుంచి చూసేవాళ్ళకి డోములాగే కనిపిస్తుంది. లేదా తేలికైన ఫైబర్ తొడుగు చేయించి, బండి ఎక్కడైనా నిలబెట్టి చూపించేటప్పుడు మాత్రం పెట్టి, కదిలించే ముందు తీసేయండి.

సినిమా గుర్తు గురించి. ట్రేడ్‌మార్కు ఉల్లంఘన వ్యాపారంలో వాడినప్పుడే వస్తుంది, అభిమానంతో తలుపు మీద పెట్టుకుని పాలకి, కూరగాయలకి వెళ్తే ఆ కోణంలో ఇబ్బంది లేదు. కాపీరైట్ చట్టం కూడా సొంత వాడకానికి కొంత చోటు ఇచ్చింది, కాకపోతే బండి అందరికీ కనిపించేది కాబట్టి ఆ చోటు ఇంట్లో గోడ మీద బొమ్మకి ఉన్నంత పెద్దది కాదు. మీరు అద్దెకి ఇవ్వడం మొదలుపెట్టిన రోజున ఈ రెండూ మారిపోతాయి, అప్పుడు ఆ గుర్తుతో మీరు డబ్బు సంపాదిస్తున్నట్టే.

అద్దెలో ఇంకో ముడి ఉంది. తెల్ల ప్లేటు ఉన్న సొంత బండిలో డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకుంటే పర్మిట్ లేని ట్యాక్సీ కింద లెక్క, సెక్షన్ 192ఏ, మొదటిసారికే 10,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా ఉండొచ్చు. పుట్టినరోజు పిల్లల్ని ఎక్కించి ఒక రౌండు తిప్పమని తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు, అదే రౌండులో ఏదైనా జరిగితే సొంత వాడకం పాలసీ అద్దె వాడకానికి వర్తించదని ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తుంది. పిల్లల్ని ఎక్కించి అలాంటి రిస్కు తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. బండి నిలబెట్టి ఫొటోలకి మాత్రమే అంటే ట్యాక్సీ సమస్య తప్పుతుంది, గుర్తు సమస్య ఉంటుంది, అప్పుడు తలుపుల మీద మీ సొంత బొమ్మ ఏదైనా గీయించుకోండి.

ఇన్సూరెన్సులో ఒక తేదీ గుర్తు పెట్టుకోండి. బదిలీ అయిన 14 రోజుల్లో పాలసీ మీ పేరు మీదకి మార్చమని కంపెనీకి రాయాలి. రంగు పని, స్టిక్కర్ల పని అయ్యాక వాళ్ళకి మెయిల్‌లో ఫొటోలతో తెలియజేసి, ఆ జవాబు దాచుకోండి. చెప్పకుండా చేసిన మార్పులు చూపించి సొంత నష్టం క్లెయిము కొట్టేయడం వాళ్ళకి చాలా తేలిక.

ప్రస్తుతానికి అడ్వాన్సు పెద్దగా ఇవ్వకండి, ఇచ్చేదేదో బ్యాంకు ద్వారా ఇచ్చి, బండి అబ్బాయి పేరు మీదకి వచ్చి ఫారం 28 చేతికొచ్చాకే మిగతాది ఇస్తానని స్టాంపు కాగితం మీద రాయించుకోండి. ఆర్సీ రెండు వైపులా ఫొటో, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, చెల్లెలి సమ్మతి పత్రం ముసాయిదా నాకు పంపితే చూసి చెబుతాను. ఆ సంతకాలు పెట్టిన పాత ఫారాలని మాత్రం మీ ఎదురుగానే చింపేయమని ఆ అబ్బాయికి చెప్పండి.