గొడ్డలి వీరుడికి కమ్మరి పని ఎక్కువైంది

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సంక్రాంతి సెలవుల్లో ‘స్కైరిమ్’ వీడియో గేమ్ మొదలుపెట్టాను. నార్డ్ జాతి వీరుణ్ణి ఎంచుకుని రెండు చేతుల గొడ్డలితో పోరాడుతున్నాను. ఇప్పుడు నా లెవల్ 27. స్మితింగ్ (కమ్మరి పని) 80, ఆల్కెమీ (మందుల తయారీ) 65, ఎన్‌చాంటింగ్ (వస్తువులకు మంత్రశక్తి ఎక్కించడం) 60, స్పీచ్ (మాట నేర్పు) 60, లాక్‌పికింగ్ (తాళాలు తీయడం) 50, పిక్‌పాకెట్ (జేబులు కొట్టడం) 40 వరకు వచ్చాయి. టూ హ్యాండెడ్ (రెండు చేతుల ఆయుధాలు) మాత్రం 40 దగ్గర, హెవీ ఆర్మర్ (బరువైన కవచం) 35 దగ్గర ఉన్నాయి. లెవల్ పెరిగినప్పుడల్లా ఒక్కో స్కిల్‌లో ప్రత్యేక శక్తులు (పెర్క్‌లు) తీసుకోవడానికి వచ్చిన 26 పెర్క్ పాయింట్లలో ఇరవైని పది స్కిల్స్‌లో రెండేసి చొప్పున పెట్టి, ఆరింటిని దాచుకున్నాను. ఇంత లెవల్ ఉన్నా ఒక మామూలు గుహలోని బందిపోటు నాయకుడు నన్ను రెండు మూడు దెబ్బలకే పడగొడుతున్నాడు. ఆట కష్టస్థాయి ‘మాస్టర్’లో ఉంది. అంతా వదిలేసి మళ్లీ మొదటి నుంచి ఆడమంటారా?
— ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: వద్దు. మీ వీరుడు చెడిపోలేదు, దారి తప్పాడంతే. ఎక్కడ తప్పాడో తెలిస్తే వెనక్కి తీసుకురావడం పెద్ద పని కాదు.

2011 నవంబర్ 11న విడుదలైన ఈ గేమ్‌లో మొత్తం 18 స్కిల్స్ ఉన్నాయి. మొదట్లోనే ‘నేను యోధుణ్ణి’ అనో ‘నేను మాంత్రికుణ్ణి’ అనో నిర్ణయించుకోవలసిన అవసరం ఇందులో లేదు. మీరు ఏ పని చేస్తే ఆ స్కిల్ పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తి విద్య, బేరమాడితే మాట నేర్పు పెరుగుతాయి. ఈ సౌలభ్యమే చాలామందిని మీలాగే బోల్తా కొట్టిస్తుంది. ఎందుకంటే ఒక స్కిల్ ఏ అంకెకు చేరితే అన్ని పాయింట్లు మీ లెవల్ ఖాతాలో జమ అవుతాయి. అది యుద్ధవిద్యా, ఇంట్లో కూర్చుని చేసుకునే చేతిపనా అన్న తేడాను లెక్క చూడదు. స్మితింగ్ 79 నుంచి 80కి చేరినప్పుడు మీకు 80 పాయింట్లు వచ్చాయి. టూ హ్యాండెడ్ 39 నుంచి 40కి చేరినప్పుడు వచ్చినవి 40 మాత్రమే.

ఇప్పుడు మీ లెక్కే వేసి చూద్దాం. ఒకటో లెవల్ నుంచి రెండో లెవల్‌కు చేరడానికి 100 పాయింట్లు కావాలి. అక్కడి నుంచి ప్రతి లెవల్‌కూ ఆ మొత్తం 25 చొప్పున పెరుగుతుంది. ఆ ప్రకారం 27వ లెవల్‌కు చేరేసరికి కూడవలసింది 10,725 పాయింట్లు. నార్డ్ జాతివాడికి స్మితింగ్ 20తో మొదలవుతుంది కనుక, దానిని 80కి తేవడంలో మీకు 3,030 పాయింట్లు వచ్చాయి. అదే జాతివాడికి 25తో మొదలయ్యే టూ హ్యాండెడ్‌ను 40కి తేవడంలో వచ్చినవి 495. అంటే మీ లెవల్‌లో పావు వంతుకు పైగా కమ్మరి కొలిమి దగ్గర సంపాదించినది కాగా, గొడ్డలి సంపాదించినది మొత్తం పాయింట్లలో ఇరవయ్యో వంతు కూడా లేదు. గుహల్లోనూ కోటల్లోనూ ఎదురయ్యే శత్రువుల బలమేమో చాలావరకు మీ లెవల్‌ను బట్టి నిర్ణయమవుతుంది. ఆ బందిపోటు నాయకుడు 27వ లెవల్ యోధుడు వస్తున్నాడని సిద్ధమై కూర్చున్నాడు. అతని ఎదుటికి వెళ్లింది మంచి కమ్మరి, మంచి వైద్యుడు, ఓ మోస్తరు జేబుదొంగ. ధూల్‌పేటలో మాంజా నూరే మనిషిని సంక్రాంతి రోజున మేడ ఎక్కించి పేంచ్ వేయమంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

మరి ఇప్పుడేం చేయాలి? అన్నిటికంటే ముందు కష్టస్థాయిని ‘మాస్టర్’ నుంచి ‘అడెప్ట్’కు దించండి. మాస్టర్‌లో మీరు కొట్టే దెబ్బ సగమవుతుంది, మీకు తగిలే దెబ్బ రెండింతలవుతుంది. అడెప్ట్‌లో రెండూ ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి. దీనిని ఆట మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. హాస్టల్ మిత్రులు ఏమైనా అంటారేమో అన్న సంకోచం ఉంటే వాళ్ల పెర్క్ పాయింట్లు ఎక్కడున్నాయో ఒకసారి చూపించమనండి.

తరువాత, దాచుకున్న ఆరు పాయింట్లు. ఈ పొదుపు ఒక్కటే మీరు చేసిన మంచి పని. టూ హ్యాండెడ్ పెర్క్‌ల చెట్టు మొదట్లో ఉండే ‘బార్బేరియన్’ పెర్క్‌కు ఐదు మెట్లున్నాయి. ఒక్కో మెట్టు గొడ్డలి దెబ్బకు మరో 20 శాతం కలుపుతుంది. స్కిల్ 40 ఉన్నవారు మూడో మెట్టు వరకు, అంటే 60 శాతం వరకు, ఎక్కవచ్చు. మీరు ఇప్పటికే ఒక మెట్టు ఎక్కి ఉంటారు కనుక దీనికి రెండు పాయింట్లు పోతాయి. గట్టి దెబ్బకు అయ్యే స్టామినాను (దమ్మును) పావు వంతు తగ్గించే ‘ఛాంపియన్స్ స్టాన్స్’కు ఒకటి, గొడ్డలి గాయం నుంచి నెత్తురు కారుతూ ఉండేలా చేసే ‘లింబ్‌స్ప్లిటర్’కు ఒకటి పెట్టండి. వీటిలో ఏదైనా ఇదివరకే తీసుకుని ఉంటే ఆ పాయింట్‌ను హెవీ ఆర్మర్‌లో కవచం బలం పెంచే ‘జగర్నాట్’ రెండో మెట్టుకు వాడుకోండి. మిగిలిన రెండింటినీ అలాగే ఉంచి, టూ హ్యాండెడ్ 60కి చేరిన రోజున తీయండి.

స్మితింగ్ 80 దండగ కాదు. అయితే ఆ విద్యను కొత్త వస్తువులు చేసి అమ్మడానికి కాకుండా, చేతిలోని గొడ్డలిని సానరాతి దగ్గర, ఒంటిమీది కవచాన్ని బల్ల దగ్గర మెరుగుపరుచుకోవడానికి వాడాలి. ఈ పని చేయకుండానే గుహల్లోకి వెళ్తున్నారేమోనని నా అనుమానం. మీ గొడ్డలి ఏ లోహంతో చేసినదో ఆ లోహానికి సంబంధించిన స్మితింగ్ పెర్క్ ఉన్నవారికి మెరుగు రెండింతలవుతుంది. అందుకని ఆ పెర్క్ ఉన్న లోహంతో చేసిన గొడ్డలినే పట్టండి, చూడడానికి మరొకటి ఎంత అందంగా ఉన్నా సరే.

మందులు, నగలు అమ్మి కూడబెట్టిన బంగారం మీ దగ్గర చాలానే ఉండాలి. దానిని గురువులకు ఇవ్వండి. ఒక్కో లెవల్‌లో ఐదు సార్లు డబ్బిచ్చి శిక్షణ తీసుకోవచ్చు. వైట్‌రన్ నగరంలోని కంపానియన్స్ దళంలో చేరితే విల్కాస్ టూ హ్యాండెడ్‌ను 90 వరకు నేర్పుతాడు, అతని సోదరుడు ఫార్కాస్ హెవీ ఆర్మర్ నేర్పుతాడు. రివర్‌వుడ్ దగ్గర దారి పక్కన నిలబడి ఉన్న మూడు రాళ్లలో ‘వారియర్’ రాయిని తాకితే యోధుడి స్కిల్స్ 20 శాతం వేగంగా పెరుగుతాయి. మీరు ఆట మొదట్లో దొంగ రాయిని తాకి, ఆ సంగతి మరిచిపోయి ఉండవచ్చు. పిక్‌పాకెట్ 40 చూస్తే అలాగే అనిపిస్తోంది.

పెట్టేసిన ఇరవై పాయింట్లను రాబట్టుకునే దారులు రెండున్నాయి. ‘డ్రాగన్‌బార్న్’ అనుబంధంలో ప్రధాన కథ పూర్తి చేసినవారు ఒక్కో డ్రాగన్ ఆత్మను ఇచ్చి ఒక్కో స్కిల్‌లోని పెర్క్‌లన్నిటినీ వెనక్కి తీసుకోవచ్చు. మీకు సరిపోయేది ఇదే. రెండోది, 100కు చేరిన స్కిల్‌ను ‘లెజెండరీ’ చేసి 15కు దించి పాయింట్లు పొందడం. స్మితింగ్‌ను అందుకోసం 100కు తోస్తే లెవల్ మరింత పెరిగి, మొదటి కష్టమే ఇంకా ముదురుతుంది.

ప్రశ్న: ఆఫీసు నుంచి వచ్చాక రోజూ ఒక గంట ఇదే గేమ్ ఆడుతున్నాను. ఖజీట్ జాతి పాత్రతో చాటుగా దాడి చేస్తూ ఆడాలని ఉంది. విల్లు మీద దృష్టి పెట్టాలా, బాకు మీద పెట్టాలా? లాక్‌పికింగ్‌లో ఎన్ని పాయింట్లు పెట్టాలి?
— ఒక ఉద్యోగిని, తార్నాక

జవాబు: మీరు మంచి జాతినే ఎంచుకున్నారు. ఖజీట్‌కు స్నీక్ (చాటుగా కదలడం) 25తో, విల్లు విద్య 20తో మొదలవుతాయి. విల్లా బాకా అన్న సందేహం తీరాలంటే స్నీక్ చెట్టును దగ్గరగా చూడాలి. చాటు నుంచి కొట్టే బాణం మొదట్లో రెండింతల దెబ్బ తీస్తుంది, ఒంటి చేతి ఆయుధం మూడింతలు తీస్తుంది. స్నీక్ 30 దగ్గర తీసుకునే పెర్క్ ఒంటి చేతి ఆయుధాన్ని ఆరింతలకు, 40 దగ్గరిది బాణాన్ని మూడింతలకు, 50 దగ్గరిది బాకును ఏకంగా 15 ఇంతలకు పెంచుతాయి. ఈ మూడూ ఒకే కొమ్మ మీద ఒకదాని తరువాత ఒకటి ఉన్నాయి. బాకు కోసం వెళ్లేవారు విల్లు పెర్క్ దాటకుండా వెళ్లలేరు కనుక మీరు ఒకదానిని వదులుకోవలసిన పనే లేదు. దూరంగా కాపలా కాసేవాణ్ణి బాణంతో, కుర్చీలో కునికిపాట్లు పడే పెద్దవాణ్ణి బాకుతో కొట్టండి. ముందుగా స్నీక్‌లో నాలుగు పాయింట్లు, తరువాత విల్లు దెబ్బను పెంచే ‘ఓవర్‌డ్రా’లో పాయింట్లు పెట్టండి. ఒంటికి లైట్ ఆర్మర్ ఉండాలి. రివర్‌వుడ్‌లోని ఫేండాల్ విల్లు విద్య నేర్పుతాడు. అతనితో స్నేహం కలిస్తే వెంట కూడా వస్తాడు.

లాక్‌పికింగ్‌లో ఒక్క పాయింట్ కూడా పెట్టకండి. స్కిల్ 15 ఉన్నవారు కూడా ఓపిక ఉంటే అన్నిటికంటే కష్టమైన ‘మాస్టర్’ తాళాన్ని తీయగలరు. మహా అయితే నాలుగు పుల్లలు ఎక్కువ విరుగుతాయి. ఆ పుల్లలు దుకాణాల్లో దొరుకుతాయి, పెర్క్ పాయింట్లు దొరకవు.

ప్రశ్న: హై ఎల్ఫ్ మాంత్రికుడితో ఆడుతున్నాను. డిస్ట్రక్షన్ (దాడి మంత్రాల) స్కిల్ 70 దాటినా మంత్రం దెబ్బ పెరగడం లేదు, మంత్రాలకు ఖర్చయ్యే మ్యాజికా మాత్రం ఇట్టే అయిపోతోంది. ఎందుకు?
— ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: ఈ గేమ్‌లో డిస్ట్రక్షన్ స్కిల్ పెరిగితే మంత్రానికయ్యే ఖర్చు తగ్గుతుందే తప్ప దెబ్బ పెరగదు. దెబ్బ పెంచేవి పెర్క్‌లు. నిప్పు, మంచు, మెరుపు మూడింటిలో ఒకదానినే ఎంచుకుని దాని రెండు మెట్లూ తీసుకుంటే 50 శాతం కలుస్తుంది. రెండు చేతులతో ఒకే మంత్రం వేసి శత్రువును తూలిపోయేలా చేసే ‘ఇంపాక్ట్’ను స్కిల్ 40 దగ్గరే తీసుకోవచ్చు, ఇప్పటికీ తీసుకోకపోతే ఈ రోజే తీసుకోండి. మ్యాజికా సంగతికి మందు ఎన్‌చాంటింగ్‌లో ఉంది. ఆ స్కిల్‌ను 100కు తెచ్చి, అవసరమైన పెర్క్‌లు తీసుకుంటే తలపాగా, అంగీ, ఉంగరం, కంఠహారం నాలుగింటి మీదా ఖర్చును 25 శాతం చొప్పున తగ్గించుకోవచ్చు. నాలుగూ ధరించాక డిస్ట్రక్షన్ మంత్రాలకు మ్యాజికా అసలు ఖర్చు కాదు. అప్పటినుంచి లెవల్ పెరిగినప్పుడల్లా మ్యాజికాకు బదులు హెల్త్ పెంచుకోండి.