చార్జీ, చార్జి, చార్జింగ్

సందేహం: ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కితే చార్జీ అడుగుతారు. కొత్త ఎస్సై చార్జి తీసుకున్నాడంటారు. ఇక లాఠీచార్జి, చార్జిషీటు సరేసరి. ఇవన్నీ ఒకే ఇంగ్లీషు మాటేనా? ఫోనులో 'చార్జింగ్ అయిపోయింది' అనడం తప్పని మా వాడి ఇంగ్లీషు సారు అన్నారట. నిజమేనా? ఇంతకీ చ రాయాలా, ఛ రాయాలా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: ఒకే మాటేనమ్మా. లాటిన్‌లో 'కార్రుస్' అంటే బండి. బండికి సరుకెత్తడం అనే అర్థంలో దాన్నుంచి పుట్టిన మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకొచ్చి 'చార్జ్' అయింది. కారు, కార్గో దీని చుట్టాలే.

అర్థాలిన్ని ఎలా వచ్చాయంటారా? మన 'మోపు' చూడండి. మోయడం నుంచి మోపడం. గడ్డిమోపు నెత్తికెత్తుతాం. పన్ను మోపుతారు, బాధ్యత మోపుతారు, నేరం మోపుతారు. బస్సు చార్జీ, ఎస్సై తీసుకున్న చార్జి, చార్జిషీటు ఈ మూడు దారుల్లో వచ్చినవే. తుపాకిలో మందు కూరడాన్నీ ఇంగ్లీషులో చార్జ్ అనేవారు. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వంటివాళ్లు కరెంటుకూ ఆ మాటే వాడారు. మీ ఫోనుకు అది అక్కణ్ణుంచే వచ్చింది. లాఠీచార్జి మాత్రం సైన్యం వాడుక, శత్రువు మీదికి ఒక్కుమ్మడిగా దూకడం.

నాకు ముచ్చటేసేది తెలుగువాళ్లు చేసిన పని. ఒక్క మాటను మూడు ముక్కలు చేసి, ఎవరి వాటా వాళ్లకు పంచేశారు. డబ్బయితే దీర్ఘం: చార్జీ, బహువచనం చార్జీలు. అధికారమైతే హ్రస్వం: ఇన్‌చార్జి, ఇన్‌చార్జులు. గది గదులైనట్టు జి కాస్తా జు అయింది. స్త్రీ స్త్రీలైనట్టు చార్జీలో దీర్ఘం కదల్లేదు. బస్సు 'చార్జులు' పెరిగాయని ఎవరూ అనరు గదా! ఈ సూత్రం ఎవరూ కూర్చుని రాసింది కాదు.

కరెంటుకు మిగిలింది చార్జింగ్. ఇంగ్లీషులో అది పని పేరు, అంటే ఎక్కించడం. మనం దాన్ని ఎక్కిన సరుకుకు పేరు చేసుకున్నాం. అందుకే 'చార్జింగ్ పెట్టు' అన్నా, 'రెండు శాతమే చార్జింగ్ ఉంది' అన్నా తెలుగులో నిక్షేపంగా చెల్లుతుంది. సారు మాట ఇంగ్లీషు పరీక్ష వరకూ నిజం. అక్కడ బాబును 'చార్జ్' అనే రాయమనండి. ఇంట్లో అలా దిద్దితే 'చార్జీ లేదు' అంటాడు, మీరు బస్సు డబ్బులనుకుంటారు.

ఇక చ, ఛ సంగతి. చాప, చాలు అనేటప్పుడు నాలుక పళ్ల వెనక తగులుతుంది. చార్జీని అలా పలకరు. ఆ తేడా తెలియడానికే కొందరు ఛ రాస్తారు, పత్రికల్లోనూ కనిపిస్తుంది. కానీ చాక్లెట్, చార్టు చ తోనే రాస్తున్నాం, ఎవరూ తప్పుగా చదవడం లేదు. నేను చ రాస్తాను. మీరు ఛ రాసినా మార్కులు తీసేయను, ఒకే పేజీలో రెండూ కలపకండి చాలు.